గ్రాఫిక్స్ కార్డులో వేపర్ చాంబర్: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రాఫిక్స్ కార్డు పెట్టె మీద ‘వేపర్ చాంబర్’ అన్న మాట చూడగానే చాలామంది అది చల్లదనాన్ని పుట్టించే పరికరమేమో అనుకుంటారు. ఒకే చోట పుట్టిన వేడిని నాలుగు పక్కలకు పరచడం మాత్రమే దాని పని. ఆ పని ఎంత బాగా జరుగుతుందన్నది లోపలి ఆవిరి కంటే, చల్లబడిన నీరు మళ్లీ చిప్పు దగ్గరికి తిరిగి రావడం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

వేపర్ చాంబర్ అంటే ఏమిటి?

రెండు రాగి రేకులను అంచుల వెంట అతికించి, మధ్యలో ఖాళీ ఉంచి, గాలి చొరకుండా మూసేసిన చదునైన పెట్టె. మందం కొన్ని మిల్లీమీటర్లే. లోపలి గోడలకు సన్నని రంధ్రాలున్న రాగి పొర ఉంటుంది. దీన్ని వత్తి అంటారు. గాలిని బయటికి లాగేసి, కొద్దిపాటి శుద్ధజలం పోసి సీలు వేస్తారు. ఒక వైపు చిప్పుకు ఆనుకుని ఉంటుంది. రెండో వైపు అల్యూమినియం రేకుల వరుస, అంటే ఫిన్లు, అతికించి ఉంటుంది. కదిలే భాగం ఒక్కటి కూడా ఉండదు. దానికి కరెంటూ అవసరం లేదు.

లోపల అసలు ఏం జరుగుతుంది?

చిప్పు వేడెక్కగానే దానికి ఆనుకుని ఉన్న వత్తిలోని నీరు ఆవిరవుతుంది. ద్రవం ఆవిరిగా మారడానికి కావలసిన గుప్తోష్ణాన్ని చిప్పు నుంచే తీసుకుంటుంది. ఆవిరి పుట్టిన చోట పీడనం కొద్దిగా పెరుగుతుంది. దూరంగా, ఫిన్ల వైపు చల్లగా ఉన్న గోడ దగ్గర పీడనం కొద్దిగా తక్కువ. ఆ కొద్దిపాటి తేడాతోనే ఆవిరి అటు పరుగెడుతుంది. చల్లని గోడను తాకి మళ్లీ నీరవుతూ, తాను మోసుకొచ్చిన వేడినంతా అక్కడ వదిలేస్తుంది. ఆ వేడి ఫిన్లలోకి పోతుంది, ఫ్యాను గాలి దాన్ని బయటికి తోసేస్తుంది.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. మిగతా సగమే అసలు కష్టం. గోడ మీద చేరిన నీరు చిప్పు దగ్గరికి తిరిగి రావాలి. పంపు లేదు కాబట్టి ఆ పనిని వత్తి చేస్తుంది. దీపం వత్తి నూనెను మంట దగ్గరికి లాక్కొచ్చినట్టు, రాగి పొరలోని సన్నని సందులు తలతన్యత బలంతో నీటిని వేడి చోటికి లాక్కొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో కేశనాళికీయత అని చదువుకున్నది ఇదే. చిప్పు దగ్గర నీరు ఆవిరై తగ్గేకొద్దీ అక్కడి సందుల్లో నీటి ఉపరితలం లోపలికి మరింత వంగుతుంది, లాగే బలం పెరుగుతుంది. అంటే వేడి పెరిగితే నీటి సరఫరా కూడా దానంతట అదే పెరుగుతుంది, ఒక హద్దు వరకు.

నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర కదా? చిప్పు అంత వేడెక్కకుండానే ఆవిరి ఎలా వస్తుంది?

100 డిగ్రీలన్నది మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి సంబంధించిన లెక్క. చాంబర్‌లో గాలి లేదు, నీరూ దాని ఆవిరీ మాత్రమే ఉన్నాయి. అందుకే లోపలి పీడనం ఎప్పుడూ ఆ ఉష్ణోగ్రత దగ్గర నీటికుండే బాష్పపీడనమే. 25 డిగ్రీల దగ్గర అది దాదాపు 3.2 కిలోపాస్కల్స్, వాతావరణ పీడనంలో ముప్ఫయ్యో వంతు. 60 డిగ్రీల దగ్గర సుమారు 20 కిలోపాస్కల్స్, అంటే ఐదో వంతు. ఈ స్థితిలో ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా కొద్దిగా వేడి చేరితే కొంత నీరు ఆవిరవుతుంది, కొద్దిగా వేడి తీస్తే కొంత ఆవిరి నీరవుతుంది. కార్డు ఆన్ చేసిన క్షణం నుంచే చాంబర్ పని మొదలుపెడుతుంది, ఫలానా డిగ్రీలు దాటాలన్న షరతు లేదు.

మరో సంగతి. లోపల నీరు కుతకుత ఉడుకుతూ ఉంటుందని ఊహించుకోవద్దు. మామూలుగా వత్తి పైభాగం నుంచి నిశ్శబ్దంగా ఆవిరి లేస్తుంది. వత్తి లోపల బుడగలు పుట్టడం మొదలైతే అవి నీటి దారికి అడ్డుపడతాయి. తయారీదారులు తప్పించుకోవాలని చూసేది సరిగ్గా దాన్నే.

అంత కొద్ది నీరు వందల వాట్ల వేడిని ఎలా మోస్తుంది?

ఒక్క గ్రాము నీరు 60 డిగ్రీల దగ్గర ఆవిరవడానికి సుమారు 2,360 జౌళ్లు తీసుకుంటుంది. కార్డు 450 వాట్ల వేడి పుట్టిస్తోందనుకుందాం. సెకనుకు 450 జౌళ్లు. భాగిస్తే సెకనుకు 0.19 గ్రాముల నీరు ఆవిరైతే చాలు. నాలుగైదు చుక్కలు, అంతే. అదే వేడిని ఆవిరి కాని మామూలు నీటితో, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగేలా మోయించాలంటే సెకనుకు దాదాపు 11 గ్రాముల నీరు ప్రవహించాలి.

ఆ నాలుగైదు చుక్కలు 60 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు లీటరున్నర చోటు ఆక్రమిస్తాయి. ప్రతి సెకనూ లీటరున్నర ఆవిరి, కొన్ని మిల్లీమీటర్ల సందులోంచి పరుగెడుతోంది. మూసిన రాగి పలక లోపల ఇంత కదలిక ఉందని బయటికి ఏమాత్రం తెలియదు. నాకు ఈ పరికరంలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

ఇంత తతంగం ఎందుకు? మందపాటి రాగి పలక పెడితే సరిపోదా?

రాగి మంచి ఉష్ణవాహకమే, మీటరుకు డిగ్రీకి 400 వాట్ల దగ్గర ఉంటుంది. కానీ సమస్య ఎక్కడుందో చూడండి. ఎన్‌విడియా సంస్థ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090లోని చిప్పు వైశాల్యం సుమారు 608 చదరపు మిల్లీమీటర్లు, తపాలా బిళ్లంత. కార్డు వాడే విద్యుత్తు 450 వాట్ల వరకు, అందులో ఎక్కువ భాగం ఆ బిళ్లంత చోటులోనే వేడిగా మారుతుంది. ఆ వేడి ఫిన్ల చివర్ల దాకా చేరితేనే ఫిన్లన్నీ పనిచేసినట్టు.

3 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి పలక మధ్యలో ఆ చిప్పును పెట్టామనుకుందాం. 450 వాట్ల వేడి మొత్తం 6 సెంటీమీటర్ల దూరంలోని అంచు వరకు పక్కకు ప్రయాణించాలంటే మధ్యకూ అంచుకూ 80 డిగ్రీలకు పైగా తేడా రావాలి. నిజానికి దారిలోనే కొంత వేడి ఫిన్లలోకి పోతుంది కాబట్టి తేడా ఇంతకంటే తగ్గుతుంది. అయినా మధ్య ఫిన్లు మండిపోతుంటే అంచు ఫిన్లు ఖాళీగా ఉండే పరిస్థితి మారదు. చాంబర్‌లో ఆవిరి ప్రయాణానికి అయ్యే ఉష్ణోగ్రత ఖర్చు చాలా స్వల్పం, పలక అంతటా దాదాపు ఒకే వేడి ఉంటుంది. పైగా లోపల బోలు కాబట్టి అంతే మందం ఉన్న రాగి దిమ్మ కంటే తేలిక.

ఒక తిరకాసు కూడా ఉంది. తక్కువ వేడి పుట్టించే చిన్న కార్డుకు చాంబర్ పెడితే పెద్దగా ఒరిగేది లేదు. పరచాల్సినంత వేడి అక్కడ లేదు.

హీట్ పైపుకూ దీనికీ తేడా ఏమిటి?

సూత్రం ఒక్కటే, ఆకారమే వేరు. హీట్ పైపు గొట్టంలా ఉండి వేడిని ఒక దారి వెంట దూరానికి తీసుకుపోతుంది. చాంబర్ పలకలా ఉండి అన్ని దిక్కులకూ పరుస్తుంది. చిప్పు మీద గుండ్రని గొట్టాలను పక్కపక్కన పేర్చాలంటే వాటిని నొక్కి చదును చేయాలి, చివరి గొట్టాలకు చిప్పు సరిగా అందకపోవచ్చు. చాంబర్ చిప్పునంతా కప్పేస్తుంది, చుట్టూ ఉన్న మెమరీ చిప్పులను కూడా కప్పగలదు.

దూరం ఎక్కువైతే హీట్ పైపుదే పైచేయి. అందుకే పెద్ద కార్డుల్లో రెండూ కలిపి వాడతారు. చిప్పు మీద చాంబర్, దాని నుంచి కార్డు చివరిదాకా గొట్టాలు. మరో అడుగు ముందుకు వేసి, చాంబర్ లోపలి ఖాళీనీ గొట్టాల లోపలి ఖాళీనీ ఒకటిగా కలిపేసే రకాలు కూడా ఉన్నాయి. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఫౌండర్స్ ఎడిషన్‌లో, అంటే తన సొంత డిజైన్ కార్డులో, ఎన్‌విడియా త్రీడీ వేపర్ చాంబర్ వాడింది. 575 వాట్ల కార్డును రెండు స్లాట్ల మందంలో నిలబెట్టడం చిన్న విషయం కాదు.

ఇది గ్రాఫిక్స్ కార్డుల కోసమే పుట్టిందా?

కాదు. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన గాగ్లర్ 1942లో ఈ సూత్రానికి పేటెంటు దరఖాస్తు చేశారు, 1944లో వచ్చింది. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ స్వతంత్రంగా హీట్ పైపును రూపొందించాక అంతరిక్ష నౌకల్లో, ఆ తర్వాత కంప్యూటర్లలో వాడకం పెరిగింది.

గ్రాఫిక్స్ కార్డుల్లో 2008 ప్రాంతంలో సఫైర్ సంస్థ ‘వేపర్-ఎక్స్’ పేరుతో దీన్ని అమ్మింది. అందరి దృష్టికీ తెచ్చింది మాత్రం 2010 నవంబరులో వచ్చిన ఎన్‌విడియా కార్డు జీటీఎక్స్ 580 అని నా అభిప్రాయం. దాని ముందు వచ్చిన జీటీఎక్స్ 480 వేడికీ, ఫ్యాను మోతకూ పేరుమోసింది. 580లో హీట్ పైపుల బదులు వేపర్ చాంబర్ పెట్టారు, శబ్దం బాగా తగ్గింది. చిప్పులో చేసిన మార్పులకు కూడా ఆ ఘనతలో వాటా ఉంది.

రాగీ నీరే ఎందుకు? అల్యూమినియం చవక కదా?

అల్యూమినియం నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. ఆ వాయువు మూసిన పెట్టెలో చిక్కుకుని చల్లని వైపు పోగుపడి, ఆవిరి గోడను తాకకుండా అడ్డుకుంటుంది. రాగికీ నీటికీ మధ్య అలాంటి గొడవ లేదు. ఇక నీటికి గుప్తోష్ణం ఎక్కువ, తలతన్యత ఎక్కువ. ఆవిరిగా వేడిని మోయడానికి మొదటిది, వత్తిలో తిరిగి రావడానికి రెండోది. గ్రాఫిక్స్ కార్డు పనిచేసే ఉష్ణోగ్రతల్లో దీన్ని మించిన ద్రవం దొరకడం కష్టం.

లోపల శూన్యం ఉంటే బయటి పీడనానికి రేకులు నలిగిపోవా?

స్తంభాలు లేకపోతే నలిగిపోతాయి. వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక మీద అది సుమారు 100 కిలోలు. దానికి తోడు హీట్ సింక్‌ను, అంటే చాంబర్, ఫిన్లు కలిసిన దిమ్మను, బిగించే స్క్రూల ఒత్తిడి. అందుకే లోపల వరుసగా చిన్న చిన్న రాగి స్తంభాలు నిలబెడతారు. కోసి చూస్తే సన్నని గుండ్రటి మొనలు తోటలా కనిపిస్తాయి. కొన్నిటి చుట్టూ రాగి పొడిని వేడి చేసి అతికించి ఉంటారు. అప్పుడు ఆ స్తంభం ఆధారంగానే కాక, ఫిన్ల వైపు గోడ నుంచి చిప్పు వైపు గోడకు నీటిని చేర్చే దారిగా కూడా పనికొస్తుంది.

కార్డును ఏ దిశలో బిగించినా పనిచేస్తుందా?

బాగా తయారుచేసినదైతే పనిచేస్తుంది. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు.

నిలువు కేబినెట్‌లో కార్డు అడ్డంగా, ఫ్యాన్లు కిందికి చూస్తూ ఉంటుంది. అంటే చిప్పు పైన, చాంబర్ కింద. నీరు ఆవిరై కిందికి పోతుంది, మళ్లీ నీరై పైకి ఎక్కాలి. గురుత్వాకర్షణ పూర్తిగా ఎదురుగా ఉంది. వత్తి ఎంత ఎత్తుకు నీటిని లాగగలదు? సందుల వ్యాసార్ధం 50 మైక్రాన్లు అనుకుంటే, 60 డిగ్రీల దగ్గర నీటి తలతన్యతతో లెక్కిస్తే సుమారు 27 సెంటీమీటర్లు. చాంబర్ మందం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి పైకి ఎక్కడం సమస్య కాదనిపిస్తుంది. కానీ ఆ 27 సెంటీమీటర్లు నీరు కదలకుండా ఉన్నప్పటి మాట. నీరు ప్రవహిస్తున్నప్పుడు ఆ సన్నని సందుల్లో ఘర్షణ చాలా బలాన్ని తినేస్తుంది. సందులు సన్నబడితే లాగే బలం పెరుగుతుంది, ఘర్షణ అంతకంటే వేగంగా పెరుగుతుంది. వత్తి రూపకల్పన అంతా ఈ రెంటి మధ్య బేరమే.

బేరం కుదరకపోతే, లేదా నీరే తక్కువైతే, చిప్పు దగ్గర ఆవిరయ్యే వేగాన్ని తిరిగొచ్చే నీరు అందుకోలేదు. వత్తి ఎండిపోతుంది. దీన్నే డ్రై అవుట్ అంటారు. అక్కడి నుంచి చాంబర్ ఒట్టి బోలు రాగి పెట్టె, ఉష్ణోగ్రత అమాంతం పెరిగిపోతుంది. ఎండిన వత్తి మళ్లీ తడవాలంటే పని భారం తగ్గించి కార్డును కాస్త చల్లబడనివ్వాలి.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2022 డిసెంబరులో వచ్చిన ఏఎమ్‌డీ సంస్థ కార్డు రేడియాన్ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్. ఏఎమ్‌డీ సొంత డిజైన్ కార్డుల్లో కొన్ని అడ్డంగా బిగించినప్పుడు హాట్‌స్పాట్, అంటే చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు, 110 డిగ్రీలకు చేరి వేగం తగ్గించుకున్నాయి. అవే కార్డులు నిలువుగా పెడితే చల్లగా పనిచేశాయి. కొన్ని చాంబర్లలో తగినంత నీరు లేదని 2023 జనవరిలో ఏఎమ్‌డీ ఒప్పుకుని, ఆ కార్డులను మార్చి ఇచ్చింది. చిప్పులో లోపం లేదు, ఫ్యాన్లలో లోపం లేదు. తక్కువైంది కాస్తంత నీరు.

నా కార్డులో చాంబర్ చెడిపోయిందని ఎలా గుర్తుపట్టాలి?

ముందు చాంబర్‌ను అనుమానించవద్దు. ఎక్కువగా తప్పు చిప్పుకూ చాంబర్‌కూ మధ్య పూసే, ఎండిపోయిన లేదా పక్కకు జరిగిపోయిన థర్మల్ పేస్టుది, దుమ్ముతో మూసుకుపోయిన ఫిన్లది, సమానంగా బిగించని స్క్రూలది అవుతుంది. అవన్నీ సరిగా ఉన్నాకే చాంబర్ వైపు చూడాలి.

అనుమానించదగ్గ గుర్తులు కొన్ని ఉన్నాయి. పూర్తి భారం మీద సగటు ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ తేడా చాలా పెరుగుతుంది. 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే, 30 దాటి ఇంకా పెరుగుతుంటే ఆలోచించాలి. ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నా బయటికొచ్చే గాలి అంత వేడిగా ఉండదు, ఎందుకంటే వేడి ఫిన్ల దాకా చేరడం లేదు. అన్నిటికంటే బలమైన సాక్ష్యం దిశ పరీక్ష. కంప్యూటర్‌ను ఆపి, చల్లబడనిచ్చి, కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి అదే భారం, అదే సేపు పెట్టి చూడండి. కార్డు దిశ మారినందుకే పదుల డిగ్రీలు తేడా వస్తే అది పేస్టు సమస్య కాదు. పేస్టుకు పైనా కిందా తేడా తెలియదు. నడుస్తున్న కంప్యూటర్‌ను మాత్రం తిప్పవద్దు, హార్డ్ డిస్కు ఉంటే దానికి ప్రమాదం.

లోపలి నీరు కారి కార్డు పాడవుతుందా?

భయపడాల్సిన పని దాదాపు లేదు. నీరు తక్కువ, అది కూడా వత్తి సందుల్లో ఇంకి ఉంటుంది. పైగా లోపలి పీడనం బయటికంటే తక్కువ కాబట్టి, సన్నని చీలిక ఏర్పడితే ముందుగా గాలే లోపలికి పోతుంది. కార్డు తడవదు, చాంబర్ పనిచేయడం మానేస్తుంది.

చెడిన చాంబర్‌ను బాగుచేయవచ్చా? నీరు నింపవచ్చా?

ఇంట్లో వీలు కాదు. గాలిని పూర్తిగా తీసేసి, కొలిచిన నీరు పోసి, మళ్లీ సీలు వేయాలి. వారంటీ ఉంటే కార్డు మార్పించుకోండి, లేకపోతే హీట్ సింక్ మొత్తం మార్చండి.

హీట్ సింక్ తీయకుండా కార్డును ఓవెన్‌లో పెట్టే ప్రయోగాలు అసలు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. 200 డిగ్రీల దగ్గర లోపలి పీడనం వాతావరణ పీడనానికి 15 రెట్లు అవుతుంది. పెట్టె ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. చాంబర్‌కు రంధ్రం వేయడం, వంచడం, కొత్త స్క్రూ బిగించడం కూడా అంతే ప్రమాదం. చిన్న సొట్ట కనిపించినా లోపలి వత్తి విరిగి ఉండవచ్చు.

కాలక్రమంలో దాని పనితనం తగ్గుతుందా?

సరిగా తయారైనది కార్డు జీవితకాలమంతా పనిచేస్తుంది. తయారీలో మలినాలు మిగిలితే నెమ్మదిగా వాయువులు పోగవుతాయి. ఏళ్లు గడిచాక వేడి పెరిగితే మాత్రం చాంబర్ కంటే పేస్టే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

ద్రవ శీతలీకరణ కంటే ఇది మెరుగా?

రెండింటి పని వేరు. పంపుతో నీటిని తిప్పే పద్ధతి వేడిని కేబినెట్ అంచున ఉన్న పెద్ద రేడియేటర్ దాకా తీసుకుపోతుంది, ఫిన్ల వైశాల్యాన్ని పెంచుకునే వీలు ఇస్తుంది. చాంబర్ కార్డు మీదున్న ఫిన్లను పూర్తిగా వాడుకునేలా చేస్తుంది. మొదటిదాంట్లో పంపు అరిగిపోతుంది, గొట్టాలున్నాయి. రెండోదాంట్లో అవేమీ లేవు. స్థలం ఉండి, శబ్దం బాగా తగ్గాలంటే ద్రవ శీతలీకరణ. పెట్టి మరిచిపోవాలనుకుంటే నా ఓటు చాంబర్‌కే.

కొత్త కార్డు కొనేటప్పుడు వేపర్ చాంబర్ ఉన్నదే ఎంచుకోవాలా?

పేరు చూసి డబ్బు పెట్టవద్దు. చాంబర్ పరిచిన వేడిని చివరికి ఫిన్లూ ఫ్యాన్లే గాలికి అప్పగించాలి. చిన్న ఫిన్లు, సన్నని ఫ్యాన్లు ఉన్న కార్డుకు చాంబర్ ఉన్నా మోత తప్పదు. పెద్ద ఫిన్లూ మంచి హీట్ పైపులూ ఉన్న కార్డు దాన్ని సులువుగా ఓడించగలదు. స్వతంత్ర సమీక్షల్లో పూర్తి భారం మీద హాట్‌స్పాట్ ఉష్ణోగ్రతనూ, అదే సమయంలో ఫ్యాన్ల శబ్దాన్నీ కలిపి చూడండి. ఒకటి లేకుండా రెండోదానికి అర్థం లేదు. కార్డును ఏ దిశలో బిగించి పరీక్షించారో కూడా చూడండి. తెరిచిన బల్ల మీద నిలబెట్టి కొలిచిన అంకెలు మీ కేబినెట్‌లో అడ్డంగా వేలాడే కార్డుకు అచ్చంగా వర్తించకపోవచ్చు.